ఇంటి ప్లంబింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఏ పైపు ఎక్కడ?

పోయిన పాఠంలో మీ ఇంటి నీళ్ల దారిని కాగితం మీద గీశారు: మోటారు నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి కుళాయిలకు, గీజర్ నుంచి షవర్‌కు. ఆ కాగితం తీయండి. ఇవాళ ఒక్కో గీత పక్కన ఏ పైపో రాద్దాం.

షాపులో అడుగుపెట్టగానే వినపడేది ప్రెజర్ మాటే. "ఇది ఇన్ని కేజీలు తట్టుకుంటుంది సార్" అంటారు. ఒకసారి లెక్క వేయండి. నీళ్లు 10 మీటర్ల ఎత్తున ఉంటే కింద కుళాయి దగ్గర ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కేజీ. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్, మేడ మీద దిమ్మ కట్టి ట్యాంకు పెట్టిన ఇంట్లో అది ముప్పావు కేజీ దగ్గరే ఆగుతుంది. ప్రెజర్ పంపు పెట్టినా 2, 3 కేజీలు. ఐఎస్ఐ ముద్ర ఉన్న ప్లంబింగ్ పైపు ఏదైనా దీన్ని అవలీలగా మోస్తుంది. మన ఇళ్లలో పైపులకు చేటు చేసేవి వేడి, ఎండ, సరిగ్గా అతకని జాయింటు. వీటిని చూసే పైపు ఎంచుకుందాం.

ముందు వేడినీళ్ల గీత. దీనికి సీపీవీసీ, అంటే వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు, లేత క్రీమ్ రంగులో ఉంటుంది. తెల్లగా ఉండే యూపీవీసీ మామూలు చల్లనీళ్ల పైపు, 45 డిగ్రీలు దాటిన నీళ్లకు పనికిరాదు. గీజర్ నీళ్లు 60 డిగ్రీలు సులువుగా దాటుతాయి. సీపీవీసీలో ఎస్‌డీఆర్ 11, ఎస్‌డీఆర్ 13.5 అని రెండు రకాలు దొరుకుతాయి. పైపు బయటి వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే వచ్చే అంకె అది. అంకె తగ్గేకొద్దీ పైపు మందం. ముప్పావు అంగుళం పైపు బయటి వ్యాసం 22.2 మిల్లీమీటర్లు, దాన్ని 11తో భాగిస్తే గోడ 2 మిల్లీమీటర్లు. ఎస్‌డీఆర్ 11 పైపు 82 డిగ్రీల నీళ్లలో కూడా 7 కేజీల ఒత్తిడి ఆపుతుంది. మన ముప్పావు కేజీకి 13.5 కూడా చాలు, నిజమే. కానీ గోడ లోపల, టైల్స్ వెనక పోయే పైపులో కక్కుర్తి ఎందుకు? అక్కడ 11 వేయండి.

బాత్రూం లోపల చల్లనీళ్ల లైను కూడా సీపీవీసీలోనే లాగేయమంటాను. గీజర్‌కు వెళ్లే చల్లనీళ్ల పైపులోకి వేడి వెనక్కి తన్నే అవకాశం ఉంది. పైగా ఒకే గోడలో రెండు రకాల పైపులుంటే ఫిట్టింగులు కలగాపులగమవుతాయి. దీన్ని చేత్తో పట్టుకుని చూస్తే అర్థమవుతుంది. ముప్పావు అంగుళం సీపీవీసీ 22.2 మిల్లీమీటర్లు, అరంగుళం యూపీవీసీ షెడ్యూల్ 40 (ఇదీ గోడ మందం చెప్పే అంకే) పైపు 21.3. పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. సీపీవీసీ ఎల్బోలో (మూల తిప్పే ముక్కలో) యూపీవీసీ వదులుగా దూరుతుంది, సొల్యూషన్ దట్టంగా పూస్తే అతుక్కున్నట్టే ఉంటుంది. కొన్నాళ్లకు గోడ చెమ్మ పడుతుంది. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారాలంటే మధ్యలో మరలున్న అడాప్టరే పెట్టాలి. సొల్యూషన్ డబ్బాలు కూడా వేరు: సీపీవీసీకి సీపీవీసీదే.

సైజు సంగతి. ట్యాంకు నుంచి దిగే లైను అంగుళం లేదా అంతకన్నా పెద్దది, బాత్రూంలోకి ముప్పావు, ఒక్కో కుళాయికి అరంగుళం. ముప్పావు పైపు లోపలి వైశాల్యం అరంగుళం పైపుకు రెట్టింపు పైనే. పై పోర్షన్ షవర్‌లో ధార సన్నగా ఉందని పంపు కొనేవాళ్లు ముందు పైపు సైజు చూసుకోవాలి.

కుళాయి బిగించే చోట ఇత్తడి మరలున్న ఎల్బో తప్పనిసరి. ఖరీదెక్కువే. ప్లాస్టిక్ మరలో కుళాయిని పానాతో బిగిస్తే చిట్లుతుంది, ఆ చిట్లడం టైల్స్ వెనక కాబట్టి కనపడదు.

ఇక మేడ మీది గీతలు. ఇక్కడ యూపీవీసీ సరిపోతుంది, శత్రువు ఎండ. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవి గురించి చెప్పక్కర్లేదు. తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ పైపు వేడిలో 35 డిగ్రీల తేడా వస్తే 10 మీటర్ల పైపు దాదాపు రెండు సెంటీమీటర్లు సాగుతుంది. క్లాంపులు బిగుతుగా కొడితే ఆ సాగుడంతా మూల ఎల్బో మీద పడుతుంది. పైపు జారేటంత వదులు ఉంచి, నీటితో కలిపే తెల్ల పెయింటు ఒక కోటు వేయండి. ఆయిల్ పెయింటు వద్దు, అది ప్లాస్టిక్‌కు పడదు.

సోలార్ హీటర్ ఉన్నవాళ్లకు ఒక మాట: ఊరెళ్లి వారం వాడకపోతే అందులో నీళ్లు మరిగేంత కాగుతాయి. దాని దగ్గర మొదటి కొన్ని అడుగులు లోహపు పైపు వేసి, తర్వాతే సీపీవీసీ కలపండి.

ఆకుపచ్చ పీపీఆర్ మంచి పైపే. కానీ 260 డిగ్రీల దగ్గర కరిగించి అతికే మిషన్ కావాలి, ఆ చెయ్యి తిరగడానికి టైం పడుతుంది. మన పాఠాల్లో దాన్ని వదిలేస్తున్నాను. మురుగు పైపులు ఆరో పాఠంలో.

హోంవర్కు: శానిటరీ షాపులో ముప్పావు అంగుళం సీపీవీసీ ముక్కలు, 11 ఒకటి, 13.5 ఒకటి, అడుగు చొప్పున అడగండి. పైపు మీది అచ్చు చదవండి: ఐఎస్ 15778 (సీపీవీసీ పైపుల ప్రమాణం నంబరు), సైజు, ఎస్‌డీఆర్, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు. ఆ లైసెన్సు నంబరును ఐఎస్ఐ ముద్ర ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, కంపెనీ పేరు సరిపోయిందో చూడండి. మీ బొమ్మలో ఇత్తడి ఎల్బోలు ఎన్ని పడతాయో లెక్కపెట్టి రాసుకోండి. ముక్కలు పారేయకండి, వచ్చే పాఠంలో వాటినే కోసి అతుకుదాం.