థర్మామీటర్ కొనేముందు పెట్టె చదవండి

కొత్త దేశంలో జ్వరం రాగానే నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లడం చాలాచోట్ల కుదరదు. ముందు ఫోన్ చేయాలి. అవతల నర్సు ‘టెంపరేచర్ ఎంత?’ అని అడుగుతుంది, వెంటనే ‘ఎక్కడ చూశారు? నోట్లోనా, చంకలోనా, నుదుటి మీదా?’ అంటుంది. ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే చాలు. అందుకు ఖరీదైన థర్మామీటర్ అక్కర్లేదు.

నేను మాత్రం మొదట్లోనే బోల్తా పడ్డాను. ఆన్‌లైన్‌లో చవగ్గా ఉందని తుపాకీలాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ (తాకకుండా దూరం నుంచే వేడి చూసేది) ఒకటి తెప్పించాను. ఒళ్లు కాలిపోతున్న మా బాబు నుదుటి దగ్గర పెడితే 34 సెల్సియస్ చూపించింది! టెన్షన్‌తో పెట్టె తిరగేస్తే, అది పైపులు, ఇంజన్ల వేడి చూసే రకమట. అలాంటివి మూడొందల డిగ్రీల పైదాకా కొలుస్తాయి గానీ, ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ కావచ్చు. జ్వరానికి, మామూలు ఒంటికి ఉండే తేడాయే ఆ ఒకటి రెండు డిగ్రీలు. పైగా చర్మం వేడి లోపలి వేడికన్నా తక్కువగా ఉంటుంది. ఒంటికోసం చేసిన థర్మామీటర్ ఆ తేడాను లెక్కగట్టి సరిచేసి చూపిస్తుంది, నేను కొన్నది చర్మం మీద ఎంతుంటే అంతే చూపించింది. ఎర్ర లేజర్ చుక్క పడేదైతే అది మీకు పనికిరాదనే అనుకోండి. పిల్లల కళ్లకు ఆ చుక్క మంచిది కాదు కూడా.

ఇన్‌ఫ్రారెడ్‌దే కొంటే, పెట్టె మీద నుదుటికో చెవికో అని స్పష్టంగా రాసి ఉండాలి. జ్వరం వచ్చే స్థాయిలో తేడా 0.2 లేదా 0.3 సెల్సియస్ మించదని ఉంటే మంచిది. బ్లూటూత్, యాప్ లాంటి హంగులకు డబ్బు పెట్టకండి. అర్ధరాత్రి కనిపించేలా తెరకు లైటు, బీప్ ఆపే వీలు ఉంటే మాత్రం చాలా సుఖం.

సెల్సియస్, ఫారన్‌హీట్ రెండూ మార్చుకునే వీలుండాలి. మనం ‘నూటరెండు జ్వరం’ అంటాం. చాలా దేశాల్లో ఆ మాట అర్థం కాదు, దాదాపు 39 అని చెప్పాలి. 38 అంటే 100.4, 40 అంటే 104. ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

చలిలోంచి ఇంట్లోకి రాగానే చూస్తే నుదురు చల్లగా ఉండి లెక్క తప్పుతుంది. పావుగంటో అరగంటో ఆగండి. థర్మామీటర్ కూడా అదే గదిలో ఉండాలి. చెమట తుడిచి, జుట్టు పక్కకు తీసి, పెట్టెలో వచ్చిన కాగితంలో చెప్పినంత దూరంలోనే పట్టుకోండి. కొన్నింటిని తాకించాలి, కొన్నింటిని రెండు మూడు వేళ్ల దూరంలో ఉంచాలి.

మూడు నెలలు నిండని పసిబిడ్డకు 38 సెల్సియస్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇంకోసారి చూద్దాంలే అని ఆగకుండా ఫోన్ చేయండి. ఏ వయసు వాళ్లయినా మగతగా ఉంటే అంకె తక్కువున్నా సరే ఫోన్ చేయాల్సిందే.

ఒక్కటే కొనగలిగితే? నన్నడిగితే నోట్లోనో చంకలోనో పెట్టుకునే మామూలు డిజిటల్ పుల్ల థర్మామీటరే కొనమంటాను. అది చవక, సరిగ్గా వాడితే నుదుటి దానికన్నా నమ్మకం. నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపకుండా చూడాలంటే మాత్రం నుదుటిదే హాయి.