జవాబు రాని ప్రార్థనని వదలకుండా పట్టుకుని ఉండాలంటే ఏం చేయాలి

మా తమ్ముడు తాగుడు మానాలని నేను ప్రార్థన మొదలుపెట్టి ఇది తొమ్మిదో సంవత్సరం అండి, ఇంకా మానలేదు. కాబట్టి ఇది జవాబొచ్చిందని చెప్పే సాక్ష్యం కాదు. ఇన్నేళ్లు వదలకుండా ఎలా అడుగుతున్నానో, ఎక్కడెక్కడ తప్పులు చేశానో, అది చెప్తా, మీకు పనికొచ్చింది తీసుకోండి.

ముందు మనసులో ఒక భయం తీసేయాలి. ఒకసారి కాటేజ్ ప్రేయర్‌లో, అంటే ఇంట్లో పెట్టుకునే ప్రార్థన కూటంలో, ఒకావిడ నాతో అన్నారు, ఒక్కసారి అడిగి వదిలేయాలమ్మా, మళ్లీ అడిగావంటే నమ్మకం లేనట్టే అని. ఆ మాట నన్ను ఏడాది పాటు తినేసింది, అడగాలంటే భయం, అడక్కపోతే బాధ. తర్వాత మత్తయి 26 చదువుతుంటే కనపడింది, గెత్సేమనే తోటలో యేసు ప్రభువే మూడుసార్లు వెళ్లి అవే మాటలు చెప్పి ప్రార్థించాడు. ఇంకేం కావాలి? లూకా 18లో న్యాయం చెయ్యమని ఒక చెడ్డ న్యాయాధిపతి చుట్టూ తిరిగిన విధవరాలి కథ కూడా విసుక్కోకుండా అడగమనే చెప్తుంది, కాకపోతే దాన్ని చాలామంది తలకిందులుగా చెప్తారు, దేవుణ్ణి విసిగిస్తే ఇస్తాడన్నట్టు. ఆ న్యాయాధిపతి దేవుడు కాదండి, అలాంటి వాడే న్యాయం చేస్తే తండ్రి చెయ్యడా అని పోలిక. మత్తయి 6లో వద్దన్నది మళ్లీ అడగడాన్ని కాదు, మాటలు ఎక్కువైతేనే వింటాడు అనుకోవడాన్ని. అందుకే నాది ఇప్పుడు రెండు మూడు వాక్యాల ప్రార్థన, అంతే.

టైమ్ గురించి. మా అమ్మ నాలుగింటికి లేచి తలమీద కొంగు కప్పుకుని మోకాళ్ల మీద ఉండేది, నేను ట్రై చేశా, మంచం అంచుకి తల ఆనించి నిద్రపోయా. కాబట్టి రోజూ ఎలాగూ చేసే పనికి కట్టేయండి. నాకైతే పొద్దున్న పాలు స్టవ్ మీద పెట్టి అవి పొంగేలోపు.

అక్కడే నాకు ఒక సంగతి అర్థమైంది. మన బైబిల్లో దేవుని కోసం కనిపెట్టుకోవడం అంటాం కదా, అంటే ఎదురుచూడటం. ఇంట్లో కూడా అదే మాట, పాలు పొంగుతాయేమో కాస్త కనిపెట్టుకుని ఉండవే అంటుంది అమ్మ. అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, కళ్లు గిన్నె మీద ఉండాలి. ఏలీయా ప్రవక్త వర్షం కోసం మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ప్రార్థిస్తూనే పనివాణ్ణి సముద్రం వైపు చూసి రమ్మన్నాడు, వాడు ఏమీ లేదయ్యా అంటే మళ్లీ వెళ్లమన్నాడు, ఏడోసారికి చెయ్యంత మేఘం.

ఆ చూసే పనికి నేను వాడేది పిల్లల రఫ్ బుక్కులో మిగిలిన పేజీలు. మధ్యలో గీత, ఎడమవైపు తేదీ, ఒక్క లైన్లో మనవి. కుడివైపు ఖాళీ. ఆ రోజు కనపడింది చిన్నదైనా కుడివైపు రాయాలి, ఏమీ లేకపోతే ఏమీ లేదు అని రాయాలి. నా బుక్కులో వరసగా రెండు పేజీలు ఏమీ లేదు, ఏమీ లేదు అనే ఉంది, పర్లేదు, ఆ పనివాడు కూడా ఆరుసార్లు అదే చెప్పాడు.

మరీ ఎండిపోయిన రోజుల్లో కీర్తన 13 తెరవండి, ఆరే వచనాలు. ఎన్నాళ్లు ప్రభువా అని నాలుగుసార్లు అడుగుతాడు దావీదు. చివర్లో ఉన్న సంతోషం దగ్గరికి పరిగెత్తకండి, ముందు రెండు వచనాల్లోనే కూర్చున్నా తప్పు లేదు.

ఒంగోలు కథ మన క్రైస్తవ ఇళ్లల్లో చాలామంది వినే ఉంటారు. 1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌ని ఫలితం లేదని మూసేద్దామని అమెరికాలో దాన్ని నడిపేవాళ్లు ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌లోని లైమన్ జ్యూయెట్ దంపతులు, మన తెలుగువాళ్లు ముగ్గురు, మొత్తం ఐదుగురు ఒంగోలు పక్కన కొండెక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. వాళ్లు అడిగిన సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వచ్చింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అదీ కరువు రోజుల్లో కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌ సహాయం పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాకే. వినేటప్పుడు కొండ నుంచి గుండ్లకమ్మకి ఒక్క వాక్యంలో దూకేస్తాం, మధ్యలో 24 ఏళ్లండి.

బేరాలు మాత్రం పెట్టకండి. స్పెషల్ ఉపవాస ప్రార్థన చేయిస్తాం అని ఫోన్లో ఎవరో అంటే 5,000 పంపా, పేరు చెప్పను, మా ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఇంకోటి, ప్రార్థిస్తున్నాం కదా అని డాక్టర్ని మానకండి, తమ్ముణ్ణి రెండుసార్లు డీఅడిక్షన్ సెంటర్‌కి తీసుకెళ్లింది నేనే.

మరి ఎప్పుడు ఆపాలి? అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లు లాంటి బాధ ఒకటి తీసేయమని మూడుసార్లు అడిగాడు, ఆ ముల్లు పోలేదు, నా కృప నీకు చాలు అని జవాబొచ్చింది, అక్కడ అడగడం ఆపాడు. నాకు అలాంటి మాట ఇంకా రాలేదు, అందుకే అడుగుతున్నా.

నిన్న కుడివైపు రాసింది ఇది: రాత్రి తొమ్మిదింటికి వాడే ఫోన్ చేశాడు, మాట ముద్దగా లేదు, అన్నం తిన్నావా అక్కా అన్నాడు.