లాగ్‌లో దొరకనిది ఎస్‌ట్రేస్‌లో దొరికింది

మా ఆఫీసు ఉబుంటు సర్వర్‌లో బిల్లులు పంపే ప్రోగ్రామ్ ఒక్కో బిల్లుకీ 5 సెకన్లు బిగుసుకుపోయేది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, సీపీయూ ఖాళీ. అంటే పని చేయడం లేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది.

సోర్స్ కోడ్ మా దగ్గర లేదు. అందుకే, ప్రోగ్రామ్ లినక్స్ కెర్నెల్‌ని అడిగే ప్రతి పనినీ (సిస్టమ్ కాల్) చూపించే ఎస్‌ట్రేస్ అనే టూల్‌ని నడుస్తున్న ప్రాసెస్‌కే తగిలించాను. మామూలు యూజర్‌కి పర్మిషన్ ఇవ్వదు, సుడో (అడ్మిన్ హక్కులు) కావాలి. ఇచ్చిన ఆప్షన్లు ఇవి: ప్రాసెస్ నంబరుకి చిన్న 'పి', థ్రెడ్లన్నీ కనిపించడానికి చిన్న 'ఎఫ్', ఒక్కో కాల్‌కి పట్టిన సమయానికి పెద్ద 'టి'. ఈ చివరిది లేకపోతే ఎక్కడ ఆలస్యమవుతోందో పట్టుకోవడం కష్టం.

వరదలా వచ్చిన లైన్లలో ఒకచోట చూపు ఆగింది: 53వ పోర్టుకి కనెక్ట్, సెండ్‌టూ, ఆపైన జవాబు కోసం 5000 మిల్లీసెకన్ల పోల్ (ఎదురుచూపు), టైమౌట్. వెంటనే ఇంకో అడ్రస్‌కి అదే ప్రశ్న, క్షణంలో జవాబు. 53 అంటే డీఎన్‌ఎస్, సర్వర్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే సర్వీసు. జీలిబ్‌సీ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లు వాడే సీ లైబ్రరీ) ఒక నేమ్‌సర్వర్ (డీఎన్‌ఎస్ సర్వర్) జవాబు కోసం మామూలుగా ఆగేదీ 5 సెకన్లే.

నేమ్‌సర్వర్ల జాబితా ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్ తెరిస్తే, ఎప్పుడో తీసేసిన మెషీన్ ఐపీ మొదటి వరసలో ఉంది! ఆ లైన్ చెరిపి ప్రోగ్రామ్ రీస్టార్ట్ చేశాక బిల్లులు టకటకా వెళ్లాయి.

అన్నట్టు, ఎస్‌ట్రేస్ తగిలించినంతసేపూ ప్రోగ్రామ్ బాగా నెమ్మదిస్తుంది. చూడాల్సింది చూశాక కంట్రోల్-సీ కొడితే అది విడిపోతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఆగదు.