లూగర్‌ని కాల్చాలా, దాచాలా?

టెక్సాస్‌లో మనవాళ్లెవరైనా పాత జర్మన్ సైనిక పిస్టల్ లూగర్ పీ08 కొన్నారంటే సాయంత్రానికల్లా నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, రేంజ్‌కి తీసుకెళ్లి కాల్చొచ్చా?" దాని భాగాల మీద కొట్టిన నెంబర్లు చూడందే నేను మాట చెప్పను.

ముందు తూటాలుండే మ్యాగజైన్ తీసేయండి. పైనున్న టాగుల్‌ని (మోకాలిలా మడిచే కీలు) వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లో ఏమీ లేదని కళ్లారా చూసుకోండి. ఆ తర్వాతే భూతద్దం పట్టుకోండి.

1917లో డీడబ్ల్యూఎం కంపెనీ జర్మన్ సైన్యానికి చేసిన లూగర్ అనుకుందాం. ఛాంబర్ పైన ఆ సంవత్సరం ఉంటుంది. ఫ్రేమ్ ముందు భాగంలో, రిసీవర్ (బ్యారెల్ బిగించే భాగం) ఎడమపక్క, బ్యారెల్ అడుగున పూర్తి సీరియల్ నెంబరు ఉంటుంది. దాని చివరి రెండంకెలు ట్రిగ్గర్, సేఫ్టీ, సైడ్ ప్లేటు, ఖాళీ గొట్టాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ లాంటి చిన్న ముక్కల మీద కూడా కొట్టి ఉంటాయి. తొందరపడకుండా ఒక్కొక్కటే కాగితం మీద రాసుకోండి. మ్యాగజైన్ అడుగు కూడా చూడండి, అది కూడా కలిసిందంటే అదృష్టమే.

నెంబర్లన్నీ కలిసి, ట్రిగ్గర్ మీద ఫ్యాక్టరీలో వేసిన ఎండుగడ్డి రంగు ఇంకా నిలిచి ఉంటే దయచేసి కాల్చకండి. వందేళ్లు దాటిన ఉక్కు అది. ఎక్స్‌ట్రాక్టర్ విరిగితే కొత్తది దొరుకుతుంది కానీ, ఆ పిస్టల్‌తో పాటే పుట్టిన ముక్క మళ్లీ రాదు. ధర బాగా పడిపోతుంది. అంతకన్నా, ఇన్నేళ్లు చెక్కుచెదరకుండా వచ్చిన వస్తువు ఒక్క పెట్టె తూటాల సరదాకి పాడైతే నాకు మనసొప్పదు.

నెంబర్లు కలవకపోయినా, ఎవరో మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకి నీలి-నలుపు పూత) చేయించినా అది 'షూటర్', అంటే దాచుకోవడానికి కాదు, కాల్చుకోవడానికే. హాయిగా కాల్చుకోండి. ముందు గన్‌స్మిత్‌కి చూపించి క్యాలిబర్ (తూటా సైజు) ఖాయం చేసుకోండి, ఎందుకంటే 7.65 లూగర్లు కూడా ఉన్నాయి. స్ప్రింగులు అలిసిపోయి ఉంటే మార్పించండి. 9 ఎంఎం అయితే మామూలు 115 గ్రెయిన్ తూటాలు చాలు. ఎక్కువ పీడనంతో పేలే ప్లస్ పీ తూటాలు వద్దే వద్దు. సైన్యం వదిలించుకున్న పాత సర్‌ప్లస్ తూటాలు కూడా వద్దు, వాటి ప్రైమర్ మిగిల్చే ఉప్పు బ్యారెల్‌ని తినేస్తుంది. మెక్‌గార్ వాళ్ల కొత్త మ్యాగజైన్ వాడి, అసలుది ఇంట్లో ఉంచండి.

దాచేవాళ్లు పాలిష్ జోలికి పోవద్దు. పలచగా నూనె రాసి, వేలిముద్రలు తుడిచి పెట్టండి. తోలు హోల్‌స్టర్ తేమ పట్టి తుప్పు తెస్తుంది, దాన్ని విడిగా ఉంచండి. అమెరికా సైనికుడు యుద్ధం నుంచి తెచ్చుకున్నప్పటి అనుమతి కాగితం వెంట వస్తే, దాన్ని పిస్టల్ అంత భద్రంగా చూసుకోండి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు మాత్రం కొనకముందే లాయర్‌ని అడగాలి. 1898 తర్వాత తయారైంది కాబట్టి ఫెడరల్ తుపాకీ చట్టం దీన్ని యాంటిక్ (పురాతన వస్తువు) కింద వదిలేయదు, మామూలు తుపాకీగానే చూస్తుంది.