సొంత సర్వర్‌లో నెక్స్ట్‌క్లౌడ్: పెట్టేముందు డేటా ఎక్కడ కూర్చుంటుందో చూస్కోండి

ఇంట్లో నలుగురం, నాలుగు ఫోన్లు, అన్నీ ఫుల్లు. ఎవరికి వాళ్ళు నెలనెలా స్టోరేజీకి డబ్బులు కట్టే బదులు ఒక చిన్న సర్వర్ తీసుకుని నెక్స్ట్‌క్లౌడ్ పెట్టేద్దాం అనుకున్నా. 2016లో ఓన్‌క్లౌడ్ నుంచి విడిపోయి వచ్చిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది, ఫైల్స్, ఫోటోలు, క్యాలెండరు, కాంటాక్టులు అన్నీ చూస్కుంటుంది. పెట్టడం గంట పనే, కానీ నేను రెండుసార్లు పెట్టాల్సొచ్చింది, ఎందుకో మధ్యలో చెప్తా.

ముందు సర్వర్ సంగతి. ఇంట్లో మూలనున్న పాత కంప్యూటర్ మీదే నడిపిద్దాం అని అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది, కానీ మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లు సీజీనాట్ వెనకాల ఉంటాయి, అంటే ఒకే పబ్లిక్ ఐపీని బోలెడు ఇళ్ళకి పంచేస్తారు, ఇక రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంతసేపు కెలికినా బయటనుంచి ఎవరూ లోపలికి రాలేరు. అందుకని వీపీఎస్, అంటే నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్, తీస్కోండి. 2 జీబీ ర్యామ్, ఉబుంటు 24.04 చాలు ఇంటి వాడకానికి, డిస్క్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. ఒక డొమైన్ కొని దాని డీఎన్ఎస్ సెట్టింగుల్లో (పేరుకి ఐపీ చూపించే పట్టిక) "A" అనే రికార్డులో సర్వర్ ఐపీ ఇచ్చేయండి. సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అవ్వడానికి ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టుకుని, అది పనిచేస్తోందని ఇంకో విండోలో లాగిన్ అయి చూస్కున్నాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపండి, లేకపోతే మన ఇంటి బయట మనమే నిలబడాలి.

డాకర్ అంటే ఒక్కో ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపేది, దాన్ని వాళ్ళ అఫీషియల్ రిపాజిటరీ నుంచే ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత ఒక ఫోల్డర్ చేసి అందులో కంపోజ్ ఫైల్, అంటే ఏ కంటైనర్లు ఎలా నడవాలో చెప్పే ఫైల్, రాయాలి, మూడు సర్వీసులు ఉంటాయి: మరియాడీబీ (డేటాబేస్), రెడిస్ (వేగం కోసం క్యాష్), నెక్స్ట్‌క్లౌడ్. ఈ ఫైల్‌లో ట్యాబ్ కొట్టకూడదు, స్పేసులే, ఒక్క ట్యాబ్ పడినా ఎర్రర్ కొట్టి కూర్చుంటుంది. డేటాబేస్ హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాసేస్తారు చాలామంది, అది తప్పు, కంటైనర్‌కి లోకల్‌హోస్ట్ అంటే తనే, కాబట్టి అక్కడ డేటాబేస్ సర్వీస్‌కి మీరు ఏ పేరు పెడితే ఆ పేరే రాయాలి. ఇంకోటి, డేటాబేస్ పాస్‌వర్డ్ మొదటిసారి స్టార్ట్ అయినప్పుడే లోపల రాసుకుంటుంది, తర్వాత మీరు ఫైల్‌లో ఎన్నిసార్లు మార్చినా పట్టించుకోదు, "పాస్‌వర్డ్ కరెక్టే కదా ఎందుకు రానివ్వట్లేదు" అని నేను ఒక ఆదివారం మొత్తం దీనికే పోగొట్టుకున్నా.

ఇప్పుడు అసలు విషయం. ఉదాహరణలన్నిట్లో డేటాకి నేమ్డ్ వాల్యూమ్ ఇస్తారు. అది డాకర్ తన సొంత ఫోల్డర్ల లోపలెక్కడో దాచుకుంటుంది, మనకి కనపడదు. మొదటిసారి నేనూ అలాగే పెట్టా. ఓ రోజు ఏదో సరిగ్గా రావట్లేదని కొత్తగా మొదలెడదామని డాకర్ కంపోజ్ డౌన్ కొట్టి చివర్లో మైనస్ వి కూడా తగిలించా, ఆ మైనస్ వి అంటే వాల్యూమ్స్ కూడా తీసేయమని. అడగదు, హెచ్చరించదు, రెండు సెకన్లలో తుడిచేసింది. చెల్లి సీమంతం ఫోటోలు అందులోనే ఉన్నాయి, అదృష్టం బావగారి ఫోన్‌లో ఇంకా డిలీట్ చేయలేదు కాబట్టి ఇంట్లో మొహం చూపించగలిగా. అప్పట్నుంచి నేను నేమ్డ్ వాల్యూమ్ వాడను, కంపోజ్ ఫైల్ పక్కనే ఒక డేటా ఫోల్డరు, ఒక డీబీ ఫోల్డరు చేసి వాటినే కంటైనర్లకి తగిలిస్తా, అంటే మౌంట్ చేస్తా. మైనస్ వి వాటి జోలికి రాదు, కాపీ చేయాలన్నా ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

ఫైర్‌వాల్‌లో 22, 80, 443 తప్ప మిగతావి మూసేస్తాం కదా, మూశాం అనుకుంటాం కూడా. కానీ డాకర్ పబ్లిష్ చేసిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూని (ఉబుంటు ఫైర్‌వాల్‌ని) దాటుకుని నేరుగా బయటికి తెరుచుకుంటాయి, ఎందుకంటే డాకర్ తన ఐపీటేబుల్స్ (లినక్స్ లోపలి ఫైర్‌వాల్) రూల్స్ తనే రాసుకుంటుంది. కాబట్టి పోర్ట్ రాసేటప్పుడు ఉట్టి 8080 అని కాకుండా ముందు 127.0.0.1 (అంటే ఈ సర్వర్‌ లోపలికి మాత్రమే) కలిపి రాయండి, డేటాబేస్‌కైతే పోర్టే ఇవ్వొద్దు. అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్ కూడా ముందే కంపోజ్‌లో ఇచ్చేయండి, లేకపోతే ఆ సెటప్ పేజీని ఎవడు ముందు తెరిస్తే వాడే అడ్మిన్.

హెచ్‌టీటీపీఎస్‌కి నేను క్యాడీ అనే వెబ్ సర్వర్ వాడతా, సర్వర్ మీదే నేరుగా. డొమైన్ పేరు, లోపలి పోర్టు, అంతే కాన్ఫిగ్, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ తనే తెచ్చుకుంటుంది, తనే రెన్యూ చేస్కుంటుంది. డీఎన్ఎస్ ఇంకా సెట్ అవ్వకముందే పదే పదే ట్రై చేయకండి, గంటకి 5 సార్లు ఫెయిలైతే కాసేపు ఆపేస్తారు. డాకర్ కంపోజ్ అప్ మైనస్ డి కొట్టి, పేజీ తెరవండి. "అన్‌ట్రస్టెడ్ డొమైన్" అని వస్తే నెక్స్ట్‌క్లౌడ్ కాన్ఫిగ్‌లోని ట్రస్టెడ్ డొమైన్స్‌లో మీ డొమైన్ లేదని అర్థం. బ్రౌజర్లో బానే ఉండి ఫోన్ యాప్ లాగిన్ దగ్గర తిరుగుతూనే ఉంటే అదే కాన్ఫిగ్‌లో ఓవర్‌రైట్ ప్రోటోకాల్‌ని హెచ్‌టీటీపీఎస్ చేయండి, పదిమందిలో తొమ్మిదిమందికి అదే. నెక్స్ట్‌క్లౌడ్ వెనకాల చేసుకునే పనుల కోసం క్రాన్ (టైముకి పనులు నడిపేది) 5 నిమిషాలకోసారి పెట్టుకోండి, డిఫాల్ట్‌గా ఉండే ఏజాక్స్ ఎవరైనా పేజీ తెరిస్తేనే పనిచేస్తుంది.

బ్యాకప్ అంటే ఒక్క ఫోల్డర్ కాపీ కాదండోయ్. ఫోటోలు ఫోల్డర్‌లో ఉంటాయి, ఏది ఎవరిది, ఎవరికి షేర్ చేశారు అనేది డేటాబేస్‌లో ఉంటుంది, ఒకటుండి ఒకటి లేకపోతే సగం పనికిరాదు. మెయింటెనెన్స్ మోడ్ ఆన్ చేసి, డేటాబేస్ డంప్ (మొత్తాన్నీ ఒక ఫైల్‌గా) తీసి, డేటా, కాన్ఫిగ్ కాపీ అయ్యాక ఆఫ్ చేయాలి. నా పద్ధతి ఏంటంటే ఇంట్లో పాత ల్యాప్‌టాప్ రాత్రి 2 గంటలకి ఆర్‌సింక్ అనే ఫైల్ కాపీ ప్రోగ్రామ్‌తో సర్వర్ నుంచి తనే లాక్కుంటుంది. బయటికి వెళ్ళే కనెక్షనే కాబట్టి సీజీనాట్ అడ్డం కాదు, సర్వర్ తాళాలు ఎవరికైనా చిక్కినా ఇంట్లో కాపీని ముట్టుకోలేరు. నెలకోసారి ఆ కాపీతో ల్యాప్‌టాప్‌లోనే అదే వెర్షన్ లేపి నాలుగు ఫోటోలు తెరిచి చూస్తా.

అప్‌గ్రేడ్‌కి కంపోజ్ ఫైల్‌లో లేటెస్ట్ అనే ట్యాగ్ వాడొద్దు, వెర్షన్ నంబర్ రాయండి. నెక్స్ట్‌క్లౌడ్‌లో మేజర్ వెర్షన్లు ఒక్కో మెట్టే ఎక్కాలి, 29 నుంచి 31కి దూకితే ఒప్పుకోదు, 30కి వెళ్ళి అక్కణ్ణుంచి వెళ్ళాలి. బ్యాకప్ తీశాకే.

పాత ఫోటోలు నేరుగా డేటా ఫోల్డర్‌లో పడేస్తే యాప్‌లో కనపడవు, ఓసీసీ అనే నెక్స్ట్‌క్లౌడ్ సొంత కమాండ్‌తో ఫైల్స్ స్కాన్ చేయించాలి. ఇంట్లో వాళ్ళకి అడ్మిన్ లాగిన్ ఇవ్వకుండా ఒక్కొక్కళ్ళకి వేరే అకౌంట్ చేసి, ఫోన్లో ఆటో అప్‌లోడ్ వైఫైలో మాత్రమే అని పెట్టండి, లేదంటే అమ్మ డేటా ప్యాక్ పొద్దున్నే అయిపోయి ఫోన్ మీకే వస్తుంది.