సస్పెన్షన్ మార్చాక కారు కొడుతోందా? బోల్టులు ఏ ఎత్తులో బిగించారో చూడండి

కొత్త స్ప్రింగులు, షాకులు (ఊగుడును అణిచే షాక్ అబ్జార్బర్లు) వేసిన స్పోర్ట్స్ కారు మలుపుల్లో ముచ్చటగా తిరుగుతుంది. అదే కారు రోడ్డు మీది చిన్న అతుకు దాటగానే నడుము అదిరేలా కొడుతుంది. యజమాని అనే మాట ఒక్కటే: "స్ప్రింగులు మరీ గట్టివి, మెత్తవి తెప్పించాలి." దయచేసి ఆగండి. ఈ ఫిర్యాదుతో నా చేతికి వచ్చిన కార్లలో చాలావాటికి కొత్త విడిభాగమేదీ అవసరం పడలేదు. లోపమంతా బిగించిన తీరులో ఉంది.

జాకీ, స్టాండులు, టార్క్ రెంచ్ వాడకం మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

ఏ లక్షణమైనా సరే, ముందు గాలి

ఇది ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేవారే ఎక్కువ. చక్రాలు విప్పి బిగించిన రోజున ఎవరో ఒకరు టైర్లలో గాలి కొడతారు, ఎంత కొట్టారో ఎవరూ చూడరు. డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో 32 పీఎస్‌ఐ అని ఉంటే టైరులో 40 ఉంటుంది. పక్కగోడ పొట్టిగా ఉండే టైరుకు ఆ తేడా చాలు, ఎంత మంచి షాక్ వేసినా రాయి మీద నడిచినట్టే ఉంటుంది. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. టైరు ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల సెల్సియస్ పెరిగితే దాదాపు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి దూరం నడిపి వచ్చి కొలిచిన అంకెకు విలువ లేదు. చక్రాల సైజు కూడా మార్చి ఉంటే ఆ స్టిక్కర్ పాత సైజుకు రాసిందని గుర్తుంచుకోండి.

ఆ తర్వాత షాకుల క్లిక్కులు, అంటే షాక్ గట్టిదనాన్ని సర్దే నాబ్ మెట్లు. నాబ్‌ను మెల్లగా పూర్తిగా మూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఎడమ 8, కుడి 14 ఉన్న కార్లు ఎన్నో చూశాను. రెండు పక్కలా ఒకే లెక్క ఉండాలి.

చిన్న గతుకుల్లో కొడుతోంది, క్లిక్కులు ఎంత తిప్పినా తేడా లేదు

అసలు దొంగ ఇక్కడ ఉన్నాడు. క్లిక్కులు మెత్తబరిచే కొద్దీ కారు పెద్ద ఎగుడుదిగుళ్లలో పడవలా ఊగడం మొదలవుతుంది, చిన్న గతుకుల్లో దెబ్బ మాత్రం తగ్గదు. వీటికి తోడు ఒక మూల మిగతావాటికన్నా కొన్ని మిల్లీమీటర్లు ఎత్తుగా నిలబడటం, నెమ్మదిగా స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే కిర్రుమనడం కూడా ఉంటే అనుమానం అక్కర్లేదు. రబ్బరు బుష్‌లు మెలిపడి ఉన్నాయి.

చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీ అయిన కంట్రోల్ ఆర్మ్ చివర ఉండే బుష్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. బయట ఒక లోహపు గొట్టం, లోపల ఇంకొకటి, రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్ మధ్య నొక్కుకుపోయి కదలదు. బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది. అంటే చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా ఆ మధ్య రబ్బరే మెలితిరగాలి. అక్కడ జారే భాగం ఏదీ లేదు.

ఇప్పుడు కారును స్టాండుల మీద పెట్టి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టులను పూర్తిగా బిగించారనుకోండి. రబ్బరుకు అదే విశ్రాంతి స్థితి అయిపోతుంది. కారును దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. లెక్క వేసి చూడండి: ఆర్మ్ పొడవు 350 మిల్లీమీటర్లు, వేలాడే స్థితికీ నిలబడే స్థితికీ తేడా 80 మిల్లీమీటర్లు అయితే మెలిక సుమారు 13 డిగ్రీలు. కారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడే అంత మెలిక! గతుకు వచ్చి చక్రం ఇంకా పైకి లేస్తే రబ్బరు ఇంకా బిగుసుకుంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న స్ప్రింగుకు పక్కనే ఎవరూ అడగని మరో స్ప్రింగు తోడవుతుంది. దాన్ని షాక్ అదుపు చేయలేదు, అందుకే క్లిక్కులకు లొంగదు. కారును ఆ మూలన పైకి నెట్టేదీ అదే. కొంతకాలానికి రబ్బరు చిరుగుతుంది, అప్పుడు "బుష్‌లు నాసిరకం" అని ఇంకో నింద.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, కంటికి తప్పేమీ కనిపించదు. బోల్టులన్నీ చెప్పిన టార్క్‌కే ఉంటాయి. అలైన్‌మెంట్ కాగితంలో అంకెలన్నీ పచ్చగానే ఉంటాయి. ఒక కారుకు ఈ దెబ్బ పోవడానికి రెండో జత షాకులు కూడా వేయించి, అప్పటికీ పోక తీసుకొచ్చారు. చక్రాలు ర్యాంపు మీద ఉండగానే వెనక కింది ఆర్మ్ నట్టు వదులు చేశాను. టక్కుమని చప్పుడు వచ్చి బాడీ కళ్లముందే కాస్త కిందికి దిగింది. ఆ చప్పుడే రోగ నిర్ధారణ.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు, ఓపిక కావాలి. కారు బరువు చక్రాల మీద ఉండేలా ర్యాంపుల మీదికో గ్యారేజీ గుంత మీదికో ఎక్కించండి. రబ్బరు బుష్ ఉన్న ప్రతి తిరుగుడు బోల్టునూ వదులు చేయండి. అలైన్‌మెంట్ సర్దే క్యామ్ బోల్టులైతే ముందు వాటి స్థానానికి పెయింటుతో గుర్తు పెట్టుకోండి. బాడీని రెండు మూడుసార్లు కిందికి నొక్కి వదలండి, సస్పెన్షన్ తన సహజ ఎత్తుకు వచ్చి కుదురుకుంటుంది. అప్పుడు బోల్టు తలను పానాతో పట్టుకుని, నట్టును సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించండి.

ర్యాంపులు లేకపోతే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు ఎత్తు కొలవండి. ఆ కొలత కారు నేల మీద నిలబడి ఉన్నప్పటిదే కావాలి, కొత్త స్ప్రింగులు వేశాకే కావాలి. పాత ఎత్తు ఇప్పుడు పనికిరాదు. స్టాండుల మీద పెట్టాక హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా లేపి బిగించండి. గట్టి స్ప్రింగులున్న తేలికైన కారులో జాకీ లేపుతుంటే బాడీ స్టాండు మీది నుంచి లేచే ప్రమాదం ఉంది. అలా లేస్తుంటే అక్కడే ఆపి ర్యాంపులు వెతుక్కోండి.

ఎన్ని బోల్టులన్నది కారును బట్టి ఉంటుంది. తొలి తరం మాజ్దా ఎంఎక్స్-5లో నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్‌లే (పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు) కాబట్టి పైఆర్మ్‌లూ కింది ఆర్మ్‌లూ అన్నీ చూడాలి. టయోటా జీఆర్86లో ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (పైఆర్మ్ లేకుండా షాకే చక్రాన్ని నిలబెట్టే పద్ధతి) కాబట్టి అక్కడ పని తక్కువ, వెనక ఎక్కువ. పైఆర్మ్ బోల్టులు చేతికి అందవని వదిలేయడమే అన్నిచోట్లా జరిగే పొరపాటు.

ఇంకో మాట. కాయిలోవర్ల (ఎత్తు సర్దుకోగల స్ప్రింగు, షాక్ జోడీల) మీద కారు ఎత్తును 10, 15 మిల్లీమీటర్లు మార్చిన ప్రతిసారీ ఈ పనంతా మళ్లీ చేయాలి. మొదటిసారి శ్రద్ధగా చేసినవారు కూడా ఇక్కడ మరిచిపోతారు. గ్రీజుతో తిరిగే పాలియురేథేన్ బుష్‌లకూ, గోళాకారపు బేరింగులకూ ఈ బాధ లేదు.

పెద్ద గుంతలో మాత్రమే దభీమని తగులుతోంది

ఇది బంప్ స్టాప్, అంటే షాక్ చివరిదాకా నొక్కుకుపోకుండా ఆపే మెత్తటి దిమ్మ. కారును దించారు, షాక్ కదిలే చోటు తగ్గింది. షాక్ కడ్డీకి ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి సీలు దాకా జరిపి, రోజూ వెళ్లే దారిలో నడిపి రండి. అది పైన బంప్ స్టాప్ దాకా వెళ్లి ఉంటే కారును 10 మిల్లీమీటర్లు లేపండి. స్టాప్‌ను తయారీదారు చెప్పినంతకన్నా ఎక్కువ కోయకండి. తీసేస్తే మాత్రం షాక్ లోపలి భాగాలే దెబ్బ తింటాయి. స్ప్రింగు కింది గిన్నెను బిగిస్తే సమానమైన చుట్లున్న స్ప్రింగు గట్టిపడదు, కారు ఎత్తు మాత్రమే మారుతుంది.

ఒక చక్రం గుంతలో పడితే తల అటూ ఇటూ ఊగుతోంది

ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ, అంటే యాంటీ రోల్ బార్, మరీ లావుది. దాని గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అందుకే 22 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 24ది వేస్తే దాదాపు 42 శాతం గట్టిపడుతుంది. రంధ్రాలు ఎక్కువున్న బార్ అయితే దాన్ని సస్పెన్షన్‌కు కలిపే లింకును చివరి రంధ్రంలోకి మార్చి మెత్తబరచండి. లింకుల పొడవును కూడా రెండు చక్రాలూ నేల మీద ఉన్నప్పుడే సరిచేయాలి.

స్టీరింగ్ తిన్నగా నిలవడం లేదు

టో కోణం. ఎత్తు మారితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) రెండూ మారతాయి. అలైన్‌మెంట్ చేయించండి, అంతే.

టకటక చప్పుడు

స్ట్రట్ పై నట్టు, లేకపోతే డ్రాప్ లింకు (యాంటీ రోల్ బార్ చివరి లింకు). పై నట్టును ఇంపాక్ట్ గన్‌తో బిగిస్తే కడ్డీ గిర్రున తిరిగి సీలు పాడవుతుంది, చేతి పానాతోనే బిగించండి.

వంకర పోయిన సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించే చట్రం), పెట్టెలోంచే గ్యాస్ పోయి వచ్చిన షాక్ వంటివి అరుదు. పైవన్నీ చూడకుండా వాటి జోలికి వెళ్లవద్దు.

పనుల వరుస మాత్రం తప్పకండి: ఎత్తు సర్దాలి, కొన్ని రోజులు నడిపి స్ప్రింగులు కుదురుకోనివ్వాలి, బుష్ బోల్టులు వదులు చేసి నిలబడిన ఎత్తులో మళ్లీ బిగించాలి, ఆ తర్వాతే అలైన్‌మెంట్. ముందు అలైన్‌మెంట్ చేయించి తర్వాత బోల్టులు వదులు చేస్తే దాని డబ్బు ఇంకోసారి కట్టాల్సిందే.