చెట్టు టరాంటులా నలతపడితే: హైదరాబాద్ ఇళ్లలో సమస్య - పరిష్కారం

టరాంటులా అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు. ఈ వివరాలు ముఖ్యంగా ఇంట్లో పెట్టెలో పెంచే పింక్ టో అనే దక్షిణ అమెరికా చెట్టు టరాంటులాను దృష్టిలో పెట్టుకొని రాసినవి. గయానా, సురినామ్, ఉత్తర బ్రెజిల్ అడవులలో చెట్లపై పట్టుగూడు అల్లుకొని బతికే ఈ జీవికి తేమ కావాలన్నది నిజమే. కాని ఆ ఒక్క మాటనే పట్టుకొని పెట్టెను బిగించి మూసి, రోజూ నీళ్లు చల్లడం వల్ల వచ్చే ఇబ్బందులే మన ఇళ్లలో ఎక్కువ. అందువల్ల ఏ లక్షణం కనిపించినా ముందు గాలిని, తరువాత నీటిని, ఆ తరువాతే ఆహారాన్ని అనుమానించాలి.

కాళ్లు ఒంటి కిందకు ముడుచుకుపోతున్నాయి, పొట్ట ముడతలు పడింది

కాళ్లను ముడవడానికి సాలీడుకు కండరాలు ఉన్నాయి గాని, ప్రధానమైన కీళ్ల వద్ద చాచడానికి లేవు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపి వాటిని చాచుతుంది. నీరు తగ్గితే ఆ ఒత్తిడి పడిపోయి కాళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకుంటాయి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, ముఖ్యంగా పై అంతస్తు ఫ్లాట్లలో శ్లాబు వేడి రాత్రి పొద్దుపోయినా దిగనప్పుడు, అల్మరా పై అరలో ఉంచిన పెట్టెకు ఈ ముప్పు ఎక్కువ.

వెంటనే చేయవలసింది, లోతు లేని మూతలో నీళ్లు పోసి, సాలీడు నోరు నీటికి తగిలేలా మెల్లగా కూర్చోబెట్టడం. శ్వాసాంగాలు పొట్ట అడుగున ఉంటాయి కాబట్టి పొట్ట మాత్రం నీటిలో మునగకూడదు. పెట్టెను నేల మీదకు, ఇంట్లో చల్లగా ఉండే గదిలోకి మార్చాలి. కూలర్ గాలి సూటిగా తగలనివ్వరాదు. 22 నుంచి 28 డిగ్రీల మధ్య ఇది సుఖంగా ఉంటుంది. ఆపై నీటి గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచి, సాయంత్రం పూట గూటికి ఒక పక్కన నాలుగు చుక్కలు పడేలా చల్లితే, చెట్టు సాలీళ్లు పట్టుదారాలపై నిలిచిన ఆ చుక్కలనే తాగుతాయి. బోరు నీళ్లు చల్లితే అద్దంపై తెల్లని మరకలు కట్టి లోపల ఏం జరుగుతోందో కనబడదు గనుక నల్లాలో వచ్చే మంజీరా నీళ్లే మేలు.

గూడు వదిలి అడుగున కూర్చుంటోంది, లేదా గాలి రంధ్రాల దగ్గరే వేలాడుతోంది

దీనికి ఎక్కువసార్లు కారణం గాలి ఆడకపోవడమే. మట్టి తడిసి, మూత బిగుసుకొని, లోపలి గోడలపై ఆవిరి పట్టి ఉంటే ఆ పెట్టెలో గాలి నిలిచిపోయినట్టే. మూతకు మాత్రమే రంధ్రాలు పెట్టడం చాలదు. ఒక పక్కన అడుగుకు దగ్గరగా, ఎదుటి పక్కన పైభాగంలో రంధ్రాలు ఉంటే వెచ్చని తడిగాలి పైనుంచి పోయి, కొత్త గాలి కిందనుంచి వస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌తో ఈ పని కొద్ది నిమిషాల్లో అవుతుంది. అయితే సాలీడును బయటికి తీశాకే చేయాలి, రంధ్రం దాని తలభాగం కన్నా బాగా చిన్నదిగా ఉండాలి. రంధ్రాలకు బదులు ఇనుప జాలీ బిగించడం నాకు నచ్చదు, గోళ్లు అందులో ఇరుక్కుంటాయి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మన ఊరి గాలిలోనే కావలసినంత తేమ ఉంటుంది కాబట్టి ఆ మూడు నెలలు స్ప్రే బాటిల్‌ను పక్కన పెట్టి, నీటి గిన్నెతో సరిపెట్టుకోవచ్చు.

గుత్తి ఊరి పేరుతో పిలిచే మరో టరాంటులాను, అంటే గుత్తి సాలీడును పెంచేవారు ఈ కొలతలను యథాతథంగా పాటించకూడదు. నంద్యాల, గిద్దలూరు మధ్య ఆకురాల్చే అడవులలో బతికే ఆ నీలి సాలీడు ఎండాకాలపు పొడిని ఓర్చుకుంటుంది. దానికి దురద పుట్టించే వెంట్రుకలు లేవు గాని విషం తీవ్రమైనది, కాబట్టి చేతితో తాకరాదు. దాని ప్రజాతి 2019 నుంచి సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉంది. అటవీ శాఖను సంప్రదించకుండా దాన్ని కొనరాదు, అడవి నుంచి పట్టి తెచ్చినదాన్ని అసలే ముట్టుకోరాదు.

తిండి మానేసింది, లేదా వెల్లకిలా పడి ఉంది

వెల్లకిలా పడి కాళ్లు చాచి ఉన్నది చావడం లేదు, కుబుసం విడుస్తోంది. దానికి ముందు కొన్ని వారాలు తినకపోవడం, గూటి నోరు పట్టుతో మూసేయడం మామూలే. తలపై ఉన్న పాత పెంకు మూతలా లేచి, కొత్త కాళ్లు పాతవాటిలోంచి తడితడిగా, లేతరంగులో జారివస్తాయి. ఆ సమయంలో పెట్టెను కదిలించకూడదు, ఎరగా వేసిన బతికున్న కీచురాళ్లను లోపల ఉంచకూడదు. ఒళ్లు మెత్తగా ఉన్న సాలీడును అవే కొరికి తినేస్తాయి. విడిచిన తరువాత తెల్లగా ఉన్న కోరలు ఎర్రబడి, నల్లబడేదాకా ఆహారం పెట్టరాదు. పెద్దవాటికి ఇందుకు పది రోజులు పట్టవచ్చు. కుబుసం కాలికి ఇరుక్కుంటే లాగకుండా, మెత్తని కుంచెతో నీటి చుక్క అద్ది వేచి చూడాలి. కాలు ఊడినా తరువాతి కుబుసాలలో మళ్లీ మొలుస్తుంది.

నోటి పక్కనున్న చిన్న కాళ్ల చివరలు బుడిపెల్లా తేలితే అది ఎదిగిన మగది. అది తిండి తగ్గించి తిరుగుతూ ఉంటుంది, దానికి చేయగల వైద్యమేమీ లేదు.

వణుకుతోంది, అడుగులు తడబడుతున్నాయి

ముందుగా గదిలోని దోమల లిక్విడ్, కాయిల్, బొద్దింకల స్ప్రేలను అనుమానించాలి. వీటిలోని మందు పురుగులను చంపడానికే తయారైంది, దానికి మన సాలీడు కూడా పురుగే. జీహెచ్‌ఎంసీ ఫాగింగ్ బండి వీధిలోకి వస్తే కిటికీలు మూసేయాలి. వంటింట్లో పట్టిన బొద్దింకను ఎరగా వేయడం కూడా ప్రమాదమే, అది ఏ మందు తిని వచ్చిందో తెలియదు. విరుగుడు లేదు గనుక సాలీడును శుభ్రమైన డబ్బాలోకి, మంచి గాలి ఉన్న గదిలోకి మార్చి, నీరు అందుబాటులో ఉంచి, పాత మట్టిని పారేయాలి.

నోటి దగ్గర, కీళ్ల దగ్గర తెల్లని చుక్కలు కదులుతున్నాయి

అవి మైట్లు అనే అతిచిన్న పురుగులు. తిని వదిలేసిన ఎర ముక్కలు తడి మట్టిలో కుళ్లితే పుడతాయి. టిష్యూ పేపర్ పరిచిన పొడి డబ్బాలోకి మార్చి, నీటి గిన్నె ఒక్కటే ఉంచి, తడి కుంచెతో తుడవాలి. మట్టిపై గెంతే తెల్లని చిన్న పురుగులైతే హాని లేదు. కొత్త మట్టికి ఎరువు కలపని కొబ్బరిపొట్టునే నర్సరీలో అడిగి తీసుకోవాలి.

కిందపడి పొట్టపై చిన్న గాయమైంది

లేత నీలం ఛాయలో ద్రవం ఊరుతుంటే ఆ చోట కార్న్‌ఫ్లోర్ అద్దాలి. ద్రవం ఆగాక కొన్ని రోజులు ఎర పెట్టకుండా కదలకుండా ఉంచాలి.